వాన ఆగిన వారాలు

మా పెద్దమ్మ ఎస్తేరుకి పదహారేళ్లప్పుడు, 1956లో, తాతయ్యకు విజయనగరం నుంచి రాయ్‌పూర్ బదిలీ అయింది. తాతయ్య దేవదాసు రైల్వే గార్డు. అక్కడి రైల్వే కాలనీలో చదువుకున్న ఆడపిల్లంటే నర్సే. పెద్దమ్మ మాత్రం వృక్షశాస్త్రం చదివి, 1964లో ఊరి బయట వరి పరిశోధన క్షేత్రంలో చేరింది. “మడిలో దిగడానికి ఇంత సదువేటే?” అని అమ్మమ్మ మరియమ్మ చాలా రోజులు బాధపడింది.

వరి పువ్వు పొద్దున పది దాటాక విచ్చుకుని, కాసేపటికే ముడుచుకుంటుంది. రెండు రకాలను కలపాలంటే ఆ వేళకు పొలంలో ఉండాల్సిందే. అందుకే పూత రోజుల్లో పెద్దమ్మ చర్చికి చివరి పాటకే చేరేది, కుచ్చిళ్లకు బురదతో. పెద్దమ్మతో కలిసి మేమంతా ఉన్న శంకర్ నగర్ ఇంట్లో ఏ సొరుగు లాగినా విత్తనాల కవర్లే. పిల్లలం వాటిని ముట్టుకుంటే తప్ప ఆవిడకు కోపం వచ్చేది కాదు.

పద్నాలుగేళ్లు శ్రమపడి తయారుచేసిన రకాన్ని 1986లో అభన్‌పూర్ దగ్గర ఒక పల్లెలో ఇరవై కుటుంబాలకు ఇచ్చింది. ఎలా పండించాలో ఒక కాగితం కూడా రాసిచ్చింది. అక్కడి రైతులు విత్తనం చల్లి, నెల తరవాత మడిలో నీళ్లు నిలిచాక పైరు మీదే నాగలి తోలుతారు. దాన్ని బియాసి అంటారు. దానితో కలుపు చచ్చి, వరి పిలకలు వేస్తుంది. ఆ జూలైలో ఇరవై నాలుగు రోజులు చినుకు లేదు. నాగలి దిగలేదు. కలుపు పైరును మింగేసింది.

తప్పు వానదేనని, మనం వెళ్లనక్కర్లేదని ఆఫీసులో అన్నారు. పెద్దమ్మ అభన్‌పూర్ మీదుగా పోయే ధమ్‌తరీ బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లింది. బిసాహిన్ బాయి అనే ముసలి రైతు ఆవిడకు మంచినీళ్లిచ్చి, గట్టు మీద నడిపిస్తూ ఎండిన మళ్లన్నీ చూపించింది. చివర కొంగు ముడి విప్పి ఆ కాగితం తీసింది.

“నా మనవరాలు చదివి వినిపించింది, బహిన్‌జీ. వాన పడితే ఏం చెయ్యాలో అంతా రాశావు. ఆగితే ఏం చెయ్యాలో రాయలేదు.”

“నాకు తెలీదు,” అంది పెద్దమ్మ.

తిరుగు బస్సులో ఏడ్చానని ఆవిడే మాకు చెప్పింది.

ఆ సంవత్సరమే తనను క్షేత్రంలోనే ఉన్న వాతావరణ విభాగానికి మార్చమని అడిగింది. విభాగమంటే ఒక గది, రెండు బల్లలు, ముప్ఫై ఏళ్ల వర్షపాతం రిజిస్టర్లు. పైరు పెంచిన చేత్తో వాన లెక్కలు రాస్తావా అని పాత సహోద్యోగి కొండలరావుగారు నొచ్చుకున్నారు. “నా వరిని వదల్లేదండీ. అది ఏ వారంలో చస్తోందో చూడాలి,” అందిట.

ఏ వారాల్లో వాన ఆగుతోందో లెక్కగడుతూ మూడు వేసవులు ఆ రిజిస్టర్లతోనే గడిపింది. తరవాత వారానికో కాగితం బయటికి వచ్చేది: వాన పడితే ఇది చెయ్యండి, పడకపోతే ఇది. రేడియోలో దాన్ని ఛత్తీస్‌గఢీలో చదివేవారు. 1993లో విభాగం పెద్దదైంది. కంప్యూటర్లూ, కుర్ర శాస్త్రవేత్తలూ వచ్చారు. పెద్దమ్మే అధిపతి. ఇద్దరు రైతులు విని ఒప్పుకున్నాకే కాగితం బయటికి వెళ్లాలని నియమం పెట్టింది. బిసాహిన్ బాయి కూడా వచ్చి, కుర్చీలో కూర్చుని, సగం వాక్యాలు కొట్టేయించేది.

మళ్లీ ఒక జూలైలో వాన ముఖం చాటేసింది. ఈసారి రైతులు కాగితంలో చెప్పినట్టు ముందే గట్లు కట్టుకున్నారు, తొందరగా పండే విత్తనం దాచుకున్నారు. బిసాహిన్ బాయి పల్లెకు సగం పంట దక్కింది. పై అధికారులు దాన్ని విజయమని రాయబోతే పెద్దమ్మ ‘సగం’ అనే మాట చేర్పించింది.

2000 మే నెలలో రిటైరై రాయ్‌పూర్‌లోనే మోవాలో చిన్న ఇంట్లో ఉంది. జూన్‌లో రైతుల ఫోన్లు మొదలయ్యాయి. ఆఫీసు నంబరు తీసుకోండి అని చెప్పేది. వాళ్లు తీసుకునేవారు కాదు. అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని, “సరే, మీ మడిలో నీళ్లెంత ఉన్నాయి?” అని అడిగేది.