ఎలుగుబంటికి బావ పెట్టిన విందు

మా బావకు అబిడ్స్‌లో చీరల దుకాణం ఉంది. పొద్దస్తమానం గిరాకీలతో మాట్లాడీ మాట్లాడీ, తన మాటకు లొంగని ప్రాణి ఈ లోకంలో లేదన్న నమ్మకం ఆయనకు స్థిరపడిపోయింది. మా అక్క ఆ నమ్మకాన్ని ఎన్నడూ చెడగొట్టలేదు. ఇంట్లో ప్రశాంతత ముఖ్యం కదా.

ఆ వేసవిలో ముగ్గురం హిమాలయాల్లో ఒక నేషనల్ పార్కు చూడటానికి బయలుదేరాం. బావ నాంపల్లిలో బేకరీలన్నీ తిరిగి ఉస్మానియా బిస్కెట్లు కొన్నాడు. కొండల్లో తిండి దొరకదని ఎవరు చెప్పారో తెలియదు గానీ, చెప్పినవారికి ఆ బేకరీలు రుణపడి ఉండాలి.

పార్కు గేటు దగ్గర గార్డు హిందీలో ఓపిగ్గా చెప్పాడు. ఇవి నల్ల ఎలుగులు తిరిగే కొండలు, తినేవి లోపలికి తేవద్దు, ఎలుగు ఎదురైతే పరుగెత్తొద్దు, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి నడవాలి అని. బావ అంతకన్నా ఓపిగ్గా తలాడించి, పక్కకు రాగానే బిస్కెట్ల సంచిని జాకెట్ లోపల పెట్టుకున్నాడు.

“ఏమండీ, వద్దన్నడు గదా?” అంది అక్క.

“గాయన అందరికీ గట్లనే చెప్తడు. నువ్వు జర ఫికర్ చేయకు.”

నియమాలు ‘అందరికీ’ అన్నమాట. ఆ అందరిలో బావ లేడు.

దేవదారు చెట్ల మధ్య బాట. ఒక మలుపు తిరగగానే, కాస్త దూరంలో ఎలుగుబంటి. నిగనిగలాడే నలుపు, ఛాతీ మీద నెలవంక లాంటి తెల్ల మచ్చ. వెనకాల పిల్ల. తల్లి ముక్కెత్తి మమ్మల్ని వాసన చూసి, పొదల్లోకి తిరిగింది. దాని దారిన అది పోయేదే. సరిగ్గా అప్పుడే బావకు అతిథి మర్యాదలు గుర్తొచ్చాయి.

“బామ్మర్దీ, ఫోన్ తియ్. ఫోటో మంచిగ రావాలె,” అంటూ ఒక బిస్కెట్ విసిరాడు.

తల్లి ఆగింది. తిన్నది. ఇంకోటి విసిరాడు. పిల్ల కూడా వచ్చింది. ఒక చీర చూపిస్తే బీరువా అంతా దింపమనే గిరాకీలా తల్లి నేరుగా మా మీదికే నడిచింది. ‘ఉఫ్’మని ఊది, ముందు కాళ్లతో నేలను గట్టిగా కొట్టింది.

బావ వెంటనే పరుగుకు సిద్ధమయ్యాడు. అక్క ఆయన కాలర్ పట్టుకుంది. పెళ్లయిన నాటి నుంచీ ‘ఏమండీ’ తప్ప మరో పిలుపు ఎరగని మనిషి అన్నది:

“ఓయ్! ఉరికితే సస్తవ్. సంచి గీడ పడెయ్. ఎనకకు నడువు, మెల్లగ!”

బావ సంచి వదిలేశాడు. ఎలుగు దాని దగ్గర ఆగింది. అక్క ఎలుగు మీది నుంచి చూపు తిప్పకుండా ఆయన్ని వెనక్కి లాక్కొచ్చింది. నేను కూడా నా వంతు ధైర్యం చూపించాను, ఆమె వెనక నిలబడి.

మర్నాడు మళ్లీ వెళ్తే ఆ బాట మూసేశారు. ఎలుగు పొద్దున్నుంచీ బాట మీదే కూర్చుని, వచ్చేవాళ్ల సంచుల వైపు వస్తోందట. గేటు ముందు జనం గొడవపడుతున్నారు. అందరికన్నా ముందు నిలబడి అరుస్తున్నది మా బావే.

“గింత దూరం వచ్చినంక బంద్ అంటే ఎట్లా?”

అక్క గార్డు దగ్గరికి వెళ్లి, నిన్న దానికి బిస్కెట్లు వేసింది ఈయనేనని చెప్పేసింది. గార్డు తిట్టలేదు. టపాసులు కాల్చి దాన్ని పైకి తరుముతున్నామని, అయినా దిగివస్తే బోనులో పెట్టి తీసుకెళ్లక తప్పదని, అప్పుడు పిల్ల సంగతి చెప్పలేమని మాత్రం అన్నాడు. తిడితే బావ వాదించేవాడు. తిట్టకపోయేసరికి గేటు ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు.

ఆ రోజే తిరుగు రైలెక్కాం. బావ అక్క వైపు తిరిగాడు.

“పిల్ల గూడ తిన్నదా?”

“ఔ, తిన్నది.”

బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బయట ఎండిన పొలాలు తప్ప చూడటానికి ఏమీ లేవు. ఆయన వాటినే చూస్తూ ఉన్నాడు.