కంప్యూటరు కోసం రెండుసార్లు సికింద్రాబాదు

కాజీపేటకు పొద్దున ఆరుంబావుకు రావాల్సిన పాసింజరు ఆరున్నర దాటినా రాలేదు. ఆ కాస్త సేపట్లో నేను ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడిచాను.

"అక్కా, జర కూసోండ్రి. మీరు తిరిగితే రైలు జల్ది వస్తదా?" అన్నాడు సత్తయ్య, మడిచిన ఖాళీ సంచులు ఒళ్ళో పెట్టుకుని.

హనుమకొండలో మా టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ఉంటుంది, కింద సత్తయ్య మైక్‌సెట్ దుకాణం. పెళ్ళిళ్ళకూ సభలకూ మైకులు కడతాడు, తీరిక ఉన్నప్పుడు రేడియోలు బాగుచేస్తాడు. ఎనభై ఎనిమిదిలో, వానలు ఇంకా మొదలుకాని జూన్ నెలలో ఒక బుధవారం నాడు మేమిద్దరం సికింద్రాబాదుకు బయలుదేరింది కంప్యూటరు భాగాలు విడివిడిగా ఏరుకుని, అక్కడే బిగించుకుని తెచ్చుకోవడానికి. తయారైన మిషను ధర మాకు అందేది కాదు. విడిగా కొంటే చాలా తక్కువలో వస్తుందని సత్తయ్య ఎక్కడో విని వచ్చాడు. నేను పాత టైపు మిషన్లు నాలుగు అమ్మేసి సిద్ధమయ్యాను.

అసలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మార్చిలో మా ఎదురు మేడ మీద కంప్యూటర్ సెంటర్ తెరిచారు. నెల తిరక్కముందే మా దగ్గర టైపు నేర్చుకునే పిల్లలు ఒక్కొక్కరే ఆ మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. ఒకరోజు సాయంత్రం బ్యాచి అమ్మాయిలు "మేడం, మీకు కంప్యూటర్ వస్తదా?" అని అడిగారు. "ఎందుకు రాదు? హైదరాబాద్‌ల నేర్చుకున్న" అన్నాను. నా నోరు అంత తేలిగ్గా అబద్ధమాడుతుందని నాకే తెలియదు. అప్పటికి నేను కంప్యూటరును ముట్టుకున్న పాపాన పోలేదు. ఆ మాట నమ్మి పదకొండు మంది ఫీజు కట్టారు. మొదటి క్లాసు గురువారం పొద్దున పదింటికి, అంటే మేం బయలుదేరిన మర్నాడే. సత్తయ్య కూడా నమ్మాడు. నా దగ్గర ఉన్నదల్లా అరువు తెచ్చుకున్న ఒక పుస్తకం. అందులో భాగాల పేర్లన్నీ కంఠతా పట్టాను గానీ, ఆ మిషన్ను ఎలా నడపాలో మాత్రం ఎంత చదివినా తలకెక్కలేదు.

ఆరూ నలభైకి రైలు వచ్చింది. జనగామ దాకా నిలబడ్డాం, అక్కడ కూర్చోవడానికి చోటు దొరికింది. ఇడ్లీ పొట్లాలు అక్కడే కొన్నాం. చట్నీ పుల్లగా ఉంది, మీరు తింటే వడ తినండి. ఎదురుగా కూరగాయల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. ఎక్కడికని అడిగింది, చెప్పాను.

"అదేం జేస్తది బిడ్డా?"

"టైపు కొడ్తదమ్మా, లెక్కలు జేస్తది, రాసింది యాదికుంచుకుంటది."

"అన్నీ అదే జేస్తే మరి నువ్వేం జేస్తవ్?"

సత్తయ్య నవ్వాడు. నేను లేచి తలుపు దగ్గరికి వెళ్ళి ఆలేరు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. చర్లపల్లి దగ్గర అరగంట ఆపారు. తొమ్మిదిన్నరకు చేరాల్సింది పదిన్నరకు చేరాం.

దుకాణం స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. ఇరుకు మెట్లెక్కితే రెండు గదులు. ముందు గదిలో సేటు, వెనక గదిలో ఖలీల్ భాయ్. మిషన్లు బిగించేది, పరీక్షించేది ఆయనే. యాభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడుకు ఒక పక్క దారం కట్టుకున్నాడు.

మా డబ్బుకు అన్నీ రావని మొదటి పది నిమిషాల్లోనే తేలిపోయింది. హార్డ్ డిస్క్ వద్దనుకున్నాం; దాని బదులు రెండు ఫ్లాపీ డ్రైవులు. అంటే మిషను లేవాలన్నా ప్రతిసారీ ముందు ఒక ఫ్లాపీ, అంటే మిషను నడిపే రాతలు దాచిన పల్చటి చదరపు పలక, పెట్టాల్సిందే. రంగుల తెర వద్దు, ఏదో ఆఫీసు అమ్మేసిన ఆకుపచ్చ అక్షరాల మోనిటర్ చాలు. పవర్ సప్లై డబ్బాలు నాలుగు తెచ్చి పెడితే సత్తయ్య ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి బరువు చూశాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ముక్కుతోని ఏం ఎర్కైతది భాయ్?" అన్నాడు ఖలీల్ భాయ్.

"కాలిన వాసనొస్తే రిపేర్ చేసిన మాల్ అన్నట్టు. గిది వద్దు."

ఖలీల్ భాయ్ ఆ డబ్బా విప్పాడు. లోపల రెండు చోట్ల కొత్త టంకం మెరుస్తోంది. ఆ తర్వాత సత్తయ్యకు స్టూలు వేసి పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

కీబోర్డు దగ్గర నేను ఎవరి మాటా వినలేదు. మూడు తెప్పించుకుని కళ్ళు మూసుకుని మూడింటి మీదా ఒకే పేరా కొట్టాను. మొదటిది మెత్తగా పిండి నొక్కినట్టుంది. రెండోదాంట్లో ఎడమ చిటికెన వేలు కింది మీట తిరిగి లేవడం లేదు. మూడోది టకటకమంటూ వేలికి జవాబు చెప్పింది. ధర ఎక్కువైనా అదే తీసుకున్నాను, అందుకోసం మెమరీ కొంచెం తగ్గించుకున్నాం. ఆ రోజు నాకు నిజంగా తెలిసి చేసిన పని అదొక్కటే.

మిగతాదంతా తల ఊపడం. ఖలీల్ భాయ్ బిగించి, మిషను లేపి, ఇదిగో ఇది ఇలా, అది అలా అని చెబుతుంటే నేను అన్నీ తెలిసిన మనిషిలా ఊపుతూనే ఉన్నాను. అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. సత్తయ్య పక్కన ఉండగా ఎలా అడుగుతాను? రెండు ఫ్లాపీలు కవర్లో పెట్టి ఇస్తూ ఆయన "వీటిని వంచొద్దు, మీద బరువు పెట్టొద్దు" అన్నాడు. సత్తయ్య వాటిని తానే భద్రంగా అందుకున్నాడు.

పక్క సందులో భోజనం చేశాం. పప్పు బాగుంది, అన్నం కొసరి వడ్డిస్తారు. తర్వాత సత్తయ్య ఒక పాత సామాన్ల దుకాణంలో బేరమాడి పెద్ద స్పీకరు ఒకటి కొన్నాడు. మూడుంబావు రైలుకు అట్టపెట్టెలతో ఎక్కాం. మోనిటర్ను నేను ఒళ్ళో పెట్టుకున్నాను, కాళ్ళు కదలడానికి వీల్లేకపోయేసరికి ప్రాణం విసిగింది.

మా పక్కన డోర్నకల్ వెళ్తున్న రైల్వే ఉద్యోగి ఒకాయన కూర్చున్నాడు. సికింద్రాబాదులో వాళ్ళ ఆఫీసులో కంప్యూటర్లు ఉన్నాయట. బీబీనగర్ దాటాక సత్తయ్య ఆయనకు స్పీకరు చూపిద్దామని సంచి తెరిచాడు. స్పీకరు వెనక అరచేయంత అయస్కాంతం, దాన్ని ఆనుకుని తువాలులో చుట్టిన ఫ్లాపీలు.

"ఇవి రెండూ ఎప్పటి సంది ఒక్కకాడున్నయి తమ్మీ?" అని అడిగాడాయన నెమ్మదిగా.

"రెండు గంటలైతుంది. వంగొద్దన్నరు గదా సార్. దీని ఈపు సాపుగ ఉన్నదని దానికి ఆనిచ్చి పెట్టిన."

"అయస్కాంతం తాకితే లోపల రాసిందంతా పోతది. పోయిందనే అనుకోండ్రి."

సత్తయ్య గబగబా ఫ్లాపీలను స్పీకరు నుంచి విడదీశాడు. ఊళ్ళో స్పీకర్ల మధ్యనే బతికే మనిషి. అయస్కాంతం ఇనుమును తప్ప దేన్నీ ఏమీ చేయదని అతని నమ్మకం. అతను అజాగ్రత్తగా పెట్టి ఉంటే తిట్టేదాన్ని. జాగ్రత్త ఎక్కువై జరిగిన తప్పుకు ఏమని తిడతాను?

నాలుగుంబావుకు భువనగిరి వచ్చింది. "నేను దిగి మళ్ళ ఖలీల్ భాయ్ కాడికి పోయొస్త అక్కా, తప్పు నాది" అని అతను లేచాడు.

"ఈ పెట్టెలు మోసుడు నాతోని కాదు తమ్మీ. నువ్వు ఇంటికి తీసుకపో. నేను పొద్దుగాల వస్త" అని ఫ్లాపీలు తీసుకుని దిగేశాను.

నిజం ఒప్పుకుంటాను. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే నాకు కలిగింది కోపం కాదు, సంతోషం. రేపు మిషను నడవకపోతే తప్పు నాది కాదు, సత్తయ్యది. పిల్లల ముందు "ఫ్లాపీలు పాడైనయి, పది రోజులాగండ్రి" అంటే చాలు, నా అబద్ధం బయటపడదు. బస్టాండులో సికింద్రాబాదు బస్సులు రెండు వదిలేశాను. ఒక షోడా తాగాను. పదకొండు మంది ముందు సత్తయ్య తల వంచుకుని నిలబడడం కళ్ళకు కట్టింది. నా మీద నాకే అసహ్యం వేసింది. మూడో బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాను.

ఆరున్నరకు దుకాణం మెట్లెక్కాను. ఖలీల్ భాయ్ ఫ్లాపీలు పెట్టి చూసి పెదవి విరిచాడు. ఒకటి అసలు తెరుచుకోలేదు, రెండోదాంట్లో సగం లేదు. రెండు కొత్త ఫ్లాపీలు తీసి, తన కుర్చీ నాకిచ్చాడు.

"కాపీ మీరే చేసుకోండ్రి మేడం."

నేను కీబోర్డు మీద వేళ్ళు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా తెర మీద ఒక అక్షరం, ఒక గీత, పక్కన వెలిగి ఆరుతున్న చుక్క. ఏ మీట నొక్కాలో తెలియలేదు.

"పొద్దుగాల మీరు తలకాయ ఊపుతుంటే చూసిన" అన్నాడాయన. "నేను తప్పు చెప్పి మళ్ళ దిద్దుకున్న. ఆ తప్పుకు గూడ ఊపిన్రు."

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. మార్చి నుంచి మోస్తున్నదంతా ఆయనకు చెప్పేశాను. ఆయన విని, లోపలికి వెళ్ళి రెండు కప్పుల చాయ్ తెచ్చాడు. "దుకాణం ఎనిమిదిన్నరకు బంద్ జేస్త. అప్పటిదాంక కూసోండ్రి" అన్నాడు.

ఆ రెండు గంటల్లో నేను మిషను ఆపి లేపడం ఆరుసార్లు చేశాను. ఫ్లాపీలో ఏమున్నాయో చూడడం, కాపీ తీయడం, ఒక ఉత్తరం కొట్టి దాచి మళ్ళీ పిలవడం నేర్చుకున్నాను. తప్పు కొట్టినప్పుడల్లా మిషను ఒకే మాట తెర మీద పడేసేది, విసుక్కోకుండా. నేను నా పిల్లల మీద ఎంత విసుక్కుంటానో అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఖలీల్ భాయ్ ఫ్లాపీల ఖరీదు తప్ప పైసా పుచ్చుకోలేదు. మిగతాది ఆదివారం వస్తే చెప్తానన్నాడు.

రాత్రి స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో పడుకున్నాను. ఉచితమే, దోమలు కూడా. ఐదూ యాభైకి రైలు.

ఏడున్నరకు జనగామలో సరోజ ఎక్కింది. మా పదకొండు మందిలో ఒకరు, రోజూ ఈ బండికే వస్తుంది. నన్ను చూసి సంబరపడి పక్కన కూర్చుంది.

"మిషన్ వచ్చిందా మేడం? ఎదుటి సెంటర్ల సీటు దొరికినా నేను పోలే. మీకైతే తెలుసు గదా, మంచిగ చెప్తరు అన్న మా బాపుతోని."

కిటికీ వైపు తిరిగి ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను.

"సరోజా, నేను అబద్ధమాడిన. నాకు కంప్యూటర్ రాదు. నిన్న సాయంత్రం రెండు గంటలు నేర్చుకున్న, గంతే. ఫీజు వాపస్ కావాలంటే ఇయ్యాల్నే ఇస్త."

రఘునాథపల్లి వచ్చింది, పోయింది. ఆ పిల్ల టిఫిన్ డబ్బా మూత తీసి పెట్టింది, తీసి పెట్టింది. ఇన్‌స్టిట్యూట్ పోయినట్టేనని నేను మనసులోనే లెక్క తేల్చేసుకున్నాను.

"రెండు గంటలల్ల ఏమేం నేర్చుకున్నరు?" అంది చివరికి.

నోటుబుక్కు ఇచ్చాను. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివింది. ఒకచోట ఆగి ఇదేందని అడిగింది, చెప్పాను. ఇంకోచోట అడిగింది, అది నాకూ తెలియదన్నాను. ఘన్‌పూర్ దాటాక పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

"మాకంటే ఒక్క రోజు ముందున్నరు మేడం. రోజూ గట్లనే ఒక్క రోజు ముందుండుండ్రి. మాకు సాలు."

మిగతా పదిమంది ఏమంటారో తెలియదు. వాళ్ళకూ ఇదే మాట చెప్పాలి. తొమ్మిదింటికి కాజీపేటలో దిగి, రిక్షా కోసం బయటికి వెళ్ళకుండా ముందు ఎంక్వైరీ కిటికీ దగ్గరికి నడిచి, ఆదివారం పొద్దున సికింద్రాబాదు బండి ఎన్నింటికని అడిగాను.