అడగని తండ్రి

పాఠాలు చెప్పేవాళ్ళకు కోపం ఉండకూడదంటారు. నాకుంది. ముఖ్యంగా నవలల గైడు కనబడితే ఒళ్ళు మండుతుంది. బావి ఎండితే మనసు ఎండినట్టట, వాన పడితే ఆశ చిగురించినట్టట. ఆదోనిలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతూ ఇన్నేళ్ళుగా నేను పెట్టుకుంటున్న తగువు ఒకటే. ఎండిన బావి ముందు ఎండిన బావే. ఆ ఊళ్ళో నీళ్ళకు ఎవరు ఎంత దూరం నడిచారో చూడండి, మనసు దాకా తర్వాత పోదాం అంటాను.

ఆ ఏడు మాకు పాఠ్యంగా వచ్చింది ఒక లావుపాటి కరువు నవల. సర్కారు గంజి కేంద్రాలు పెట్టి, రోడ్డు పనులు చేయించిన కాలం నాటి కథ. అందులో ఒక తండ్రి, చక్కగా చదువుకుంటున్న కూతుర్ని బడి మాన్పించి రోడ్డు పనికి వెంటబెట్టుకుని పోతాడు. గైడు రాసిన మహానుభావుడు ఆయన్ని ‘కఠిన హృదయుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. క్లాసంతా అదే చిలకపలుకు. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర మీద సెమినార్ ఇవ్వండి అంటే, ఆ తండ్రిని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి దేవరగట్టు వైపు పల్లెకు చెందిన ఒకమ్మాయి చెయ్యెత్తింది.

ఎందుకు ఎత్తిందో నాకు తెలుసు. జనవరి వస్తే మా వైపు పల్లెలు సుగ్గికి పోతాయి. ఇంటికి తాళం వేసి, లారీలెక్కి, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోవడాన్నే మేము సుగ్గి అంటాం. తిరిగొచ్చేసరికి పరీక్షలు కూడా అయిపోతాయి. ఈసారి నువ్వు కూడా రావాలని ఆ పిల్లకు వాళ్ళ నాయన చెప్పేశాడు. పోతే ఆ పిల్ల డిగ్రీ అంతటితో సరి. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వస్తూ నేను ఆ సంగతే తలపోసుకునేదాన్ని.

సరిగ్గా సెమినార్ రోజునే ఆయన కూతుర్ని తీసుకుపోవడానికి కాలేజీకి వచ్చాడు. భుజాన తువ్వాలు వేసుకుని క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. లారీ మరునాడు పొద్దున్నేనట.

“గంటసేపు ఆగండి. మీ అమ్మాయి మాట్లాడుతుంది” అన్నాను.

“కానీలేమ్మా” అని వెనక బెంచీలో ఒక కొసన కూర్చున్నాడు.

ఆ పిల్ల తండ్రిని చూసింది. అయినా మాట తడబడలేదు. సెమినార్ అయినా సరే, ఇంటి మాటలోనే చెప్పమంటాను నేను.

“ఈయప్ప చెడ్డోడని అందరూ అంటాండారు. నాకట్ల అనిపించలేదు. గంజి కూతురికి పోసినాకనే తను తాగినాడు. కూతురి గంపలో రాళ్ళు తీసి తన గంపలో ఏసుకున్నాడు. ఆ కాలంలో పన్జేసినోళ్ళకే గంజి. బడి కోసమని బిడ్డను ఊర్లోనే ఇడిసిపెట్టుంటే ఆయమ్మి కడుపు మాడేది. కానీ నేను నవలంతా ఎతికినా. ఈయప్ప యాడా కూతుర్ని ఒక్క మాట అడగలేదు. లెయ్ అంటాడు, తిను అంటాడు, పా అంటాడు. నీకేం గావాల అనే మాట ఒక్క పేజీలో గూడా లేదు.”

నాకు సంతోషం పట్టలేదు. గుణమూ దోషమూ రెండూ పట్టుకుంది, కాలాన్నీ వదల్లేదు. వెనక బెంచీ వైపు చూడాలంటే మాత్రం భయమేసింది. ఆయన తలొంచుకుని తువ్వాలు కొస నలుపుతున్నాడు.

గంట అయ్యాక ముగ్గురం వరండాలో నిలబడ్డాం. ఆయనే కూతురి వైపు తిరిగాడు.

“ఏం పాపా, వస్తావా? ఉంటావా?”

అడగడం ఆయనకు అలవాటు లేని పని అని ఆ గొంతులోనే తెలిసింది.

“ఉంటా నాయనా” అంది ఆ పిల్ల.

గెలిచాం అనుకున్నాను.

“సరే, ఉండు. సిన్నదాన్ని తోడుకపోతా. ఆడ మీయమ్మా నేనే అయితే సాగదు” అన్నాడు.

చిన్నది అంటే ఈ పిల్ల చెల్లెలు. ఊళ్ళో ఎనిమిదో తరగతి. పెద్దదాని ముఖం పాలిపోయింది. ఇంత దూరం తను ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

“దాన్ని గూడా అడుగు నాయనా” అంది.

ఆయన కోప్పడలేదు. మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. మాట్లాడింది నా వైపు చూసి.

“అడిగితే అదీ ఉంటాననే అంటాదమ్మా. అందుకే గదా అడగనిది.”

చిన్నదానికి ఎక్కడైనా హాస్టల్లో సీటు దొరుకుతుందేమో కనుక్కుంటాను, రెండు రోజులు టైమివ్వండి అన్నాను. లారీ పొద్దున్నేనమ్మా అన్నాడు.

చిన్నది లారీ ఎక్కింది. పెద్దది ఆదోనిలోనే హాస్టల్లో ఉండి చదువుకుంది. పరీక్షలో ఆ తండ్రి పాత్ర మీదే పెద్ద ప్రశ్న వచ్చింది. ఆ సాయంత్రం బస్టాండులో కనబడితే, బాగా రాసుంటావు కదా అన్నాను.

“ఆ ప్రశ్న ఇడిసిపెట్టినా మేడం. ఇంకోటి రాసినా” అంది.

ఎందుకని నేను అడగలేదు.