కాకికి చార్జింగ్ ఎక్కుతోంది

మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, తిరువళ్ళూరులో బియ్యం మండీ ఉంది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూడనిదే ఒక్క మూటను కూడా లారీలోంచి దించనివ్వడు. అంతటి అనుమానప్పక్షి, ఫోన్‌లో వచ్చిందల్లా కొరక్కుండానే మింగేస్తాడు.

చెన్నైకి రోజూ కరెంటు రైల్లో పోయివచ్చే మా అన్న, ఒకనాడు స్టేషన్‌లో తీగ మీద వాలిన కాకిని ఫోటో తీశాడు. "సర్కారు కెమెరా. చార్జింగ్ ఎక్కుతోంది, కదిలించకండి" అని రాసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. అందరం పడీపడీ నవ్వాం. మామ కూడా నవ్వే బొమ్మలు వరసగా పెట్టాడు. కొన్నాళ్ళకు అదే ఫోటో బియ్యం వ్యాపారుల గ్రూపులోంచి తిరిగొచ్చింది. నవ్వే బొమ్మలన్నీ దారిలోనే రాలిపోయినట్టున్నాయి. ఫోటోతో పాటు వచ్చిన వాయిస్ మెసేజ్‌లో ఎవరో తమిళంలో గొంతు తగ్గించి జాగ్రత్తలు చెబుతున్నారు. ఈసారి మామ నమ్మేశాడు.

"అది నేను తమాషాకి పెట్టిందే మామా" అని మా అన్న నెత్తీ నోరూ బాదుకున్నాడు.

"తమాషాకి పెట్టినానని నువ్వు అనుకుంటా ఉండావు. నీ చేత వాళ్ళే పెట్టించినారు" అన్నాడు మామ.

ఇంతలో అమ్మమ్మ చనిపోయిన తిథి వచ్చింది. మా అమ్మ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా తిరుత్తణి నుంచి మామ ఇంటికి వచ్చింది. కాకి ముద్ద ముట్టుకుంటే అమ్మమ్మ తిన్నట్టు. ఆ తర్వాతే మేమంతా విస్తళ్ళ ముందు కూర్చోవాలి. తీరా మేడ ఎక్కి చూస్తే, ఈ చివరి నుంచి ఆ చివరికి పచ్చ వల కట్టేసి ఉంది.

"కాకి లోపలికి రాకూడదక్కా. ఇంట్లో ఎవురెవురు ఉండారో అంతా చూసుకోని పోతాది" అన్నాడు మామ.

నాకు ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం గొంతు పెంచలేదు.

"కెమెరా అయితే ఇంగా మేలు కదరా. కన్నతల్లికి పిడికెడు కూడు పెట్టనోడు ఎట్లుంటాడో వాళ్ళు కూడా చూడనీ."

కొడుకు పెట్టాల్సిన ముద్దను, వల కొస విప్పి తనే పిట్టగోడ మీద పెట్టింది. రెండుసార్లు పిలిచేసరికి కాకి వచ్చి వాలింది, తినింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మామ జేబులోంచి ఫోన్ తీశాడు. కాకినీ, ఏడుస్తున్న అమ్మనూ కలిపి వీడియో తీశాడు. మేం విస్తళ్ళ ముందు కూర్చునేసరికి, మా అమ్మ ఏడుపును పొన్నేరి దాకా బియ్యం వ్యాపారులందరూ చూసేశారు.