అడగని మనిషి బిడ్డ

మా బాపు పోయిన మూడో రోజు పిట్ట ఎంతకీ ముట్టలేదు.

మా దగ్గర మూడో రోజున పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరాకులో పెట్టి కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, చేతులు జోడించి మాటిస్తారు. ఆ రోజు ఇబ్రహీంపట్నం శివారులో, కొత్త ప్లాట్ల హద్దురాళ్ల పక్కన మేమంతా నిలబడి ఉన్నాం. కోడికూర, గారెలు, ఆయన తాగే బీడీలు కూడా పెట్టాం. కాకులు కరెంటు తీగ మీద కూర్చుని చూశాయి తప్ప ఒక్కటీ దిగలేదు.

"నీ పెండ్లాన్ని మంచిగ సూసుకుంటం" అన్నారు. దిగలేదు. "బిడ్డ పెండ్లి మేం జేస్తం" అన్నాడు మేనమామ. దిగలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. చివరికి మా అమ్మ నోట్లో కుక్కుకున్న కొంగు తీసి, "నీ నౌకరి నీ బిడ్డకే ఇప్పిస్తం. అది ఆ నౌకరి ఇడువది. జర ముట్టరాదయ్యా" అంది. ఒక కాకి దిగి గారె ముక్క ఎత్తుకుపోయింది. అందరూ ఊపిరి పీల్చుకుని స్నానాలకు కదిలారు.

మాటిచ్చింది అమ్మ, ముట్టింది కాకి. మధ్యలో నన్ను అడిగినవాళ్లు ఎవరూ లేరు. నేను అప్పటికి డిగ్రీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. బాపు సిటీ బస్సులో కండక్టర్. నౌకరిలో ఉండగానే పోయాడు కాబట్టి ఆ నౌకరి ఇంట్లో ఒకరికి ఇస్తారు. నా పుస్తకాలు అటకెక్కాయి, ఆయన టికెట్ల సంచీ నా భుజానికెక్కింది.

బాపు నౌకరి వస్తే బాపు కూడా వెంట వస్తాడని నాకు తెలియదు.

అమ్మ ఆయన విజిల్ నాకిచ్చింది. చింతపండుతో ఎంత తోమినా అందులో బీడీ చేదు పోలేదు. మొదటి జీతం రోజు ఆయన పేరు కొట్టించిన స్టీలు కంచంలో నాకు అన్నం పెట్టి, ఆయన కూర్చునే గోడ పక్కనే పీట వేసింది. ఆ రోజుకే అనుకున్నాను. మర్నాడూ అదే కంచం, అదే గోడ. ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు చాపితే, మారుమాట లేకుండా వచ్చి ఒత్తడం మొదలుపెట్టింది. బాపుకు అలాగే ఒత్తేది. నేను దిగ్గున కాళ్లు ముడుచుకున్నాను. అమ్మ చేతులు కాసేపు గాలిలోనే ఉండిపోయాయి.

బస్సులో ఇంకా భయం. తుర్కయాంజాల్ దాటాక జనం కిక్కిరిస్తే, నా గొంతులోంచి "జరుగుండ్రి, జర ముంగటికి జరుగుండ్రి" అని అచ్చంగా ఆయన గొంతు వచ్చేది. రాగన్నగూడలో ఎక్కే ఒక అవ్వ ఆ మాట విని ఉలిక్కిపడి వెనక్కి తిరిగేది. "మీ బాపే అనుకున్న బిడ్డా" అని నా గదవ పట్టుకునేది. దీవెనగానే అనేది పాపం. నాకు మాత్రం ఆ ఎండలో ఒళ్లు గగుర్పొడిచేది. చీకటి పడే వేళ కిటికీ అద్దంలో ఎడమ భుజం కిందికి జారిన మనిషి ఒకరు కనిపించేవారు. సంచీ మోసి మోసి బాపు భుజం అలాగే జారిపోయింది. అది నేనేనని గుర్తు తెచ్చుకోవడానికి ఒకోసారి చెయ్యి ఎత్తి చూసుకునేదాన్ని.

రోజంతా అందర్నీ ముందుకు జరగమని అరిచే నేను, ఉన్నచోటే ఉన్నాను. నా తర్వాత చేరినవాళ్లు పరీక్ష రాసి కంట్రోలర్లయి, బస్టాండులో ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని బస్సుల టైములు రాసుకుంటున్నారు. ఆ పరీక్షకు కంప్యూటర్ రావాలి. కంప్యూటర్ క్లాసు మధ్యాహ్నం. నాదేమో మధ్యాహ్నం ఎక్కితే రాత్రి దిగే డ్యూటీ. పొద్దటి డ్యూటీ ఇమ్మని మేనేజర్‌ను అడగాలి. అడగడం! మా ఇంట్లో అది బూతు మాట కింద లెక్క. డిపోలో కొత్తగా ఎవరైనా కనిపిస్తే నన్ను చూపించి, "గీమె బాపు బంగారం అసొంటి మనిషి. ఇన్నేండ్లల్ల ఒక్క దినం గూడ నాకిది గావాలె అని అడగలె" అని చెప్పేవారు. నేను తల వంచుకుని నవ్వేదాన్ని. ఆ పొగడ్త నా మెడకు ఉరితాడు అయింది.

ఒకసారి అమ్మ దగ్గర ఈ మాట ఎత్తాను. "ఇడుస్తనంటలేనే. గదే డిపోల కుర్చీ నౌకరి" అన్నాను.

"మీ బాపు కుర్చీల గూసున్నడా? పిట్టకు మాటిచ్చినం. సప్పుడు జెయ్యక తిను" అంది.

నోరు మూసుకుని ఆయన కంచంలో తిన్నాను.

బాపుతో చాలా ఏండ్లు కలిసి బస్సు నడిపిన డ్రైవర్‌ను నేను కాకా అని పిలుస్తాను; ఆయన ఆ నెలాఖరుకు రిటైర్ కాబోతున్నాడు. ఒక రోజు డ్యూటీ ఎక్కేముందు బస్టాండు బయట చాయ్ తాగుతుంటే నా వైపు చూసి, "ఏం బిడ్డా, ఆడోళ్ల టికెట్లన్ని జీరో అయినయని నీ మొఖం గూడ జీరో జేస్కున్నవా?" అన్నాడు.

ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక వాళ్లకు ఇచ్చేవి సున్నా రూపాయల టికెట్లే. నాకు నవ్వు రాలేదు. ఎన్నాళ్లుగానో లోపల తిరుగుతున్నది నోటికొచ్చింది. "కాకా, మా బాపుకు ఏమన్న కోరిక ఉండెనా?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఉండె బిడ్డా. మోకాళ్లు వశం గాకపోతుండె. కంట్రోలర్ గావాలనుకున్నడు. డ్యూటీ ఎక్కే ముందు మేనేజర్ సారు తలుపు దాక పోయేటోడు. అంగి సదురుకునేటోడు. తలుపు కొడదమని చెయ్యెత్తేటోడు. మల్ల దించి ఎనుకకొచ్చేటోడు. ఏమాయెనే అంటె, సారు బిజీ ఉన్నడు అనేటోడు. సారేమో లోపల ఒక్కడే గూసొని పేపర్ సదువుతుండె."

"మరి నువ్వన్న చెప్పకపోతివి?"

"జెప్తనంటె కొట్టనీకొచ్చిండు. అడిగితే ఇజ్జత్ పోతదనేటోడు. పిచ్చోడు."

నాకు ఒళ్లు మండింది. బాపు మీద ఆయన పోయాక వచ్చిన మొదటి కోపం అది. ఆ రోజు కాకికి అందరం ఏవేవో మాటలిచ్చాం. "నిన్ను కుర్చీల కూసోబెడ్తం" అని ఒక్కరికీ తోచలేదు. ఆయన దిగిపోవాలనుకున్న చోటే నన్ను నిలబెట్టి, ఆయన కోరిక తీర్చామనుకున్నాం. ఆ కాకి నిజంగా ఎందుకు దిగిందో, ఆకలికే దిగిందో, ఎవరికి తెలుసు?

మర్నాడు నాకు సెలవు. అయినా డిపోకు పోయాను. మేనేజర్ గది ముందు నిలబడి చున్నీ సర్దుకున్నాను. సర్దుకున్నాక తెలిసింది, నేనేం చేస్తున్నానో. చెయ్యి ఎత్తాను. అది అక్కడే ఆగిపోయింది. సారు బిజీగా ఉన్నట్టున్నాడు, రేపు వద్దాం అని నా లోపలినుంచి ఎవరో మెల్లగా అన్నారు. బీడీ వాసన వచ్చింది. బయట ఎవరైనా తాగుతున్నారేమో, నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆ మనిషి వెంట వెనక్కి పోతానని తెలుసు.

"నువ్వు పో బాపు. నేను అడిగొస్త" అన్నాను, పైకే. తలుపు కొట్టాను.

సారు టిఫిన్ డబ్బాకు మూత పెడుతున్నాడు. దారంతా వల్లెవేసుకున్నదాంట్లో సగం కూడా చెప్పకముందే, "పొద్దటి డ్యూటీయే కదా? సోమవారం నుంచి వేయిస్తాను. పరీక్షకు పేరు కూడా ఇచ్చేయండి" అన్నాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. "ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదమ్మా?" అన్నాడు.

బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. సంతోషం రాలేదు. ఏడుపొచ్చింది. ఆ తలుపు చూస్తే మామూలు ప్లైవుడ్ తలుపు. గొళ్లెం కూడా సరిగ్గా పడదు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ అన్నం వడ్డిస్తోంది, అదే కంచంలో. సంగతి చెప్పగానే, "పిట్టకు మాటిచ్చినం గదనే!" అని గరిటె విసిరినంత పని చేసింది. అప్పుడు కాక చెప్పిందంతా చెప్పాను. అంగి సదురుకోవడం, చెయ్యెత్తి దించడం, అన్నీ. అమ్మ గరిటె కింద పెట్టింది.

"నువ్వడిగినవా?"

"అడిగిన."

"తిట్టలేదా?"

"తిట్టలె. ఇస్త అన్నడు."

"గంతేనా?"

"గంతేనే అమ్మా."

బాపు పోయిన రోజు కూడా అమ్మ గట్టిగా ఏడవలేదు. ఇప్పుడు అన్నం ఉన్న కంచాన్ని ఒళ్లోకి లాక్కుని, ఆయన పేరు మీద బొటనవేలితో రుద్దుతూ ఏడ్చింది. నేను ఆ గోడ దగ్గరికి పోలేదు, అమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి అమ్మ తలెత్తి, ఖాళీ పీట వైపు చూసింది.

"ఇన్నవా?" అంది ఆయనతో. "అడిగితే ఇస్తరంట."