అరికాలి కాటుకచుక్క

సూర్యలంక చేపలవాళ్ల పల్లెలో మా అంగన్‌వాడీ పక్కింటి మామ్మకు మనవడి బొద్దుకాళ్లంటే మహా మురిపెం. దిష్టి తగులుతుందని అరికాలికి కాటుకచుక్క పెట్టనిదే వాణ్ణి గుమ్మం దాటనిచ్చేది కాదు.

ఒకరోజు పిల్లల బరువులు చూస్తూ వాడి పాదాన్ని బొటనవేలితో నొక్కాను. వేలు తీసినా గుంట పూడలేదు.

“ఇది కండ కాదు మామ్మా. సరైన తిండి అందక పట్టిన నీరు. తెనాలి ఆసుపత్రిలో చేర్పించాలి.”

మామ్మ వాణ్ణి చంకనెత్తుకుని బయల్దేరింది. బస్సులో తెనాలి దాకా ఆ చుక్కను కొంగుతో తుడుస్తూనే కూర్చుంది.

వైద్యంతో నీరు తగ్గి, వాడు సన్నగా, హుషారుగా ఇంటికొచ్చాడు. వాడు బడికి వెళ్లే వయసొచ్చినా, చెప్పులు తొడిగే వంకతో మామ్మ రోజూ ఆ పాదం నొక్కి చూసేది.

“వాడికి నయమైపోయింది కదా మామ్మా, ఇంకా ఎందుకు?” అన్నాను.

“నీరు పట్టిన ఆ కాళ్లనే కదమ్మా, నేను రోజూ ముద్దెట్టుకుంది.”