తాయెత్తులో మాత్రలు

పందొమ్మిది వందల అరవైల్లో ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే ఖమర్‌బీ దిగులుతో నెలల తరబడి మంచం దిగలేదు. జమ్మలమడుగు డాక్టరు అది జబ్బేనని మాత్రలిచ్చాడు. తాను చెప్పేదాకా మానొద్దన్నాడు. కొన్నాళ్లకు ఆమె లేచి మళ్లీ సూది పట్టింది.

అత్త హజరాబీ సంబరపడి, మిగిలిన మాత్రలన్నీ తాయెత్తులో పెట్టి కుట్టి తెచ్చింది.

“ఇంత మహిమున్న మందు ఒంటి మీదుంటే చాల్లే. రోజూ మింగితే వీధిలో పిచ్చిదంటారు.”

ఖమర్‌బీ కుట్లు పళ్లతో తెంపింది. ఆ పూట మాత్ర మింగి, మిగతావి సీసాలో పోసి, ఖాళీ తాయెత్తు చేతికి కట్టుకుంది.

“అననీలే అత్తా. అప్పుడూ అన్న్యారు. అప్పుడు పరుపు మీద పండుకోని విన్యా. ఇప్పుడు పరుపు కుట్టుకుంటా వింటా.”